ఆ ఫైల్ ఏమిటి, తీసేయొచ్చా?

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఉన్న కంప్యూటర్‌ను విండోస్ 11కి మార్చేవాళ్లు, కొత్తది కొని పాతదాన్ని ఖాళీ చేసేవాళ్లు ఎక్కువయ్యారు. ఈసారి ప్రశ్నలన్నీ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియని బ్యాకప్ ఫైళ్ల మీదే. జవాబులు చదివే ముందు ఒక్క పని చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి పైన వ్యూ, అందులో షో నొక్కి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్, హిడెన్ ఐటమ్స్ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో అయితే వ్యూ ట్యాబ్ మీదే ఆ రెండు టిక్కులు ఉంటాయి. పేరులో చుక్క తర్వాతి ముక్క కనబడకపోతే కింద చెప్పేవేవీ మీ తెర మీద దొరకవు.

సీ డ్రైవ్ ఎర్రగా మారింది. వెతికితే విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరే 20 జీబీకి పైగా ఉంది. మా అబ్బాయి విండోస్ 11 వేసి పట్నం పోయిండు. డిలీట్ కొడితే పర్మిషన్ లేదంటోంది. అసలు తీసేయొచ్చా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

కొత్త విండోస్ ఎక్కేటప్పుడు పాత విండోస్‌ను మొత్తంగా ఈ ఫోల్డర్‌లోకి నెట్టేస్తుంది. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది. ఆ తర్వాత మామూలుగా విండోసే దాన్ని తుడిచేస్తుంది. మీ అబ్బాయి వేసింది అప్‌గ్రేడ్ అయితే మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఇప్పటికే కొత్త విండోస్‌లో వాటి చోటనే ఉంటాయి. విండోస్.ఓల్డ్‌తో మీకు పని లేదు.

అయితే ఇంకో దారి ఉంది, చిక్కంతా అక్కడే. పెన్‌డ్రైవ్ నుంచి, ఫార్మాట్ చేయకుండా, పాతదాని మీదే కొత్త విండోస్ ఇన్‌స్టాల్ చేసినా ఇదే పేరుతో ఫోల్డర్ పుడుతుంది. అప్పుడు మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ దాని లోపలే ఉండిపోతాయి, బయట ఉండవు. కాబట్టి ముందు విండోస్.ఓల్డ్ లోపల యూజర్స్, అందులో మీ పేరున్న ఫోల్డర్ తెరవండి. పర్మిషన్ అడిగితే కంటిన్యూ నొక్కండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ నాలుగూ చూసి, బయట లేనిది కనబడితే కాపీ చేసుకోండి. విండోస్.ఓల్డ్.000 అని ఇంకోటి కూడా ఉండవచ్చు. దాన్నీ ఇలాగే చూడండి.

తీసేయడానికి డిలీట్ బటన్ పనికిరాదు, ఆ ఫైళ్ల హక్కులు సిస్టమ్ పేరున ఉంటాయి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే వరసలో వెళ్లి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్స్ ఒక్కదానికే టిక్ పెట్టి రిమూవ్ ఫైల్స్ నొక్కండి. ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అని ఇంకో గడి ఉంటుంది. అన్నీ చెత్తే కదా అని దానికీ టిక్ పెడితే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తం పోతుంది, రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు. పింఛను కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలామందికి ఉండేది అందులోనే.

సీ డ్రైవ్‌లో హైబర్‌ఫిల్.సిస్, పేజ్‌ఫైల్.సిస్ అనే పెద్ద ఫైళ్లు కూడా కనిపించవచ్చు. అవి బ్యాకప్ కావు. మొదటిది కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లోని సమాచారం దాచుకునే చోటు, రెండోది ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు. రెండింటినీ అలాగే ఉండనివ్వండి.

ఏనుమాముల మార్కెట్‌లో మాకు అడ్తి దుకాణం ఉండేది. ఇంటికి తెచ్చిన పాత కంప్యూటర్‌లో టీబీకే900.001 అనే ఫైల్ నాలుగు ఫోల్డర్లలో ఉంది, నాలుగూ వేర్వేరు సైజులు. డేటా అనే చోట 10000, 10001 అని అంకెల ఫోల్డర్లు కూడా ఉన్నాయి. ఏవి ఉంచాలి?
– లెక్కలు చూసుకునే పాఠకురాలు, వరంగల్

ఇవి దుకాణం లెక్కలు రాసే టాలీ.ఈఆర్‌పీ 9 ప్రోగ్రామ్ ఫైళ్లు. మీరడిగిన రెండూ వేర్వేరు జాతులు, కలపకండి. అంకెల ఫోల్డర్లు బ్యాకప్ కావు, అసలు ఖాతా పుస్తకాలే. లోపల చివర .900 ఉన్న ఫైళ్లు కనబడతాయి (దాని తర్వాత వచ్చిన టాలీ ప్రైమ్ డేటాలో .1800 ఉంటుంది). ఒక్కో అంకె ఒక్కో కంపెనీ. పేరు అర్థం కాక చెత్త అనుకుని ఎక్కువమంది తీసేసేది వీటినే.

టీబీకే900.001 అనేది బ్యాకప్. ఎప్పుడు బ్యాకప్ తీసినా, ఏ కంపెనీది తీసినా టాలీ ఇదే పేరు పెడుతుంది. అందుకే ఒకే ఫోల్డర్‌లోకి రెండుసార్లు తీస్తే పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. మీ దుకాణంలో ఎవరో తెలిసినవాళ్లే నాలుగు ఫోల్డర్లు చేశారు, ఆ ఫోల్డర్ల పేర్లు మార్చకండి. నాలుగింటినీ ఒకేచోటికి కాపీ చేయాలనీ చూడకండి. పేరు ఒకటే కాబట్టి రీప్లేస్ చేయాలా అని అడుగుతుంది, ఎస్ అంటే మూడు పోతాయి.

ఏ బ్యాకప్‌లో ఏముందో తెలుసుకోవాలంటే రీస్టోర్ చేసి చూడటమే. ముందు అంకెల ఫోల్డర్లతో సహా మొత్తం డేటా ఫోల్డర్‌ను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీయండి. తర్వాత డీ డ్రైవ్‌లో పరీక్ష అనో మరొకటో కొత్త ఖాళీ ఫోల్డర్ చేయండి. ఈఆర్‌పీ 9లో ఆల్ట్, ఎఫ్3 నొక్కితే కంపెనీ ఇన్ఫో వస్తుంది, అందులో రీస్టోర్. ప్రైమ్‌లో అయితే ఆల్ట్, వై నొక్కి రీస్టోర్. డెస్టినేషన్ దగ్గర ఆ ఖాళీ ఫోల్డర్ దారి ఇవ్వండి, సోర్స్ దగ్గర బ్యాకప్ ఉన్న ఫోల్డర్ దారి. ఈ రెండూ తారుమారు కావడం కన్నా, డెస్టినేషన్‌లో అసలు డేటా ఫోల్డర్‌నే వదిలేయడం ఎక్కువ జరిగే పొరపాటు. అప్పుడు 10000 నంబరు కంపెనీ మీద పాత బ్యాకప్‌లోని 10000 కూర్చుంటుంది, మధ్యలో రాసిన లెక్కలన్నీ గల్లంతు. ఓవర్‌రైట్ అనే మాట తెర మీద కనబడితే అక్కడే ఆగిపోండి.

రీస్టోర్ అయ్యాక డే బుక్‌లో చివరి వోచర్ తేదీ, ట్రయల్ బ్యాలెన్స్ మొత్తం కాగితం మీద రాసుకోండి. నాలుగు బ్యాకప్‌లకూ, అసలు డేటాకూ ఇలా రాసుకుంటే ఏది దేని తర్వాతిదో తేలిపోతుంది. సైజును బట్టి ఊహించకండి, పెద్ద ఫైల్ అంటే కొత్త ఫైల్ అని కాదు. ప్రైమ్‌లోకి మార్చిన డేటా మళ్లీ ఈఆర్‌పీ 9లో తెరుచుకోదు కాబట్టి మార్చని కాపీ ఒకటి అట్లే ఉంచండి.

ఎన్నాళ్లు ఉంచాలంటే, జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. అప్పీలు లేదా విచారణ నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది వరకు, లేదా ఆ 72 నెలల వరకు, ఏది తర్వాతైతే అది. దుకాణం మూసేసినా లెక్కలు మూసుకుపోవు.

మావారు మస్కట్‌లో ఉంటారు. ఆయన పాత ల్యాప్‌టాప్ పోయింది, బయటి హార్డ్ డిస్క్ మిగిలింది. అందులో ఫైల్‌హిస్టరీ అనే ఫోల్డర్, లోపల ఒకే ఫైల్ పదేసి సార్లు. ప్రతి పేరు చివరా తేదీ, గంట ఉన్నాయి. ఆయన రాత్రి రాసినవి సాయంత్రం రాసినట్టు చూపిస్తోంది. వైరస్సా?
– గృహిణి, కోరుట్ల

వైరస్ కాదు, విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ. ఎవరూ మార్చకపోతే గంటకోసారి చూసి, మారిన ఫైల్ కొత్త ప్రతిని పక్కన పెడుతుంది, పాతదాన్ని తీయదు. అందుకే ఒకే ఫైల్ పది కనిపిస్తోంది. పేరు చివర బ్రాకెట్లలో ఉన్న గంట యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం లెక్క. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు, మస్కట్ గడియారం 4 గంటలు ముందు. ఆయన రాత్రి 9కి సేవ్ చేసింది అక్కడ సాయంత్రం 5 అని పడుతుంది.

ల్యాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు, ఇవి మామూలు ఫైళ్లే. ఫైల్‌హిస్టరీ, ఆయన పేరు, ల్యాప్‌టాప్ పేరు, డేటా, సీ, యూజర్స్ అనే దారిలో వెళ్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ వస్తాయి. పేరు వరసలో పెట్టి, ఒక్కోదాంట్లో చివరి తేదీ ప్రతిని వేరే డిస్క్‌లోకి తీసుకోండి. తేదీ ముక్క చేత్తో చెరపడం విసుగనిపిస్తే, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని పవర్‌రీనేమ్ వందల పేర్లు ఒకేసారి మారుస్తుంది. కాపీ చేసిన వాటి మీదే చేయండి. పక్కనున్న కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లో మీకు పనికొచ్చేది ఏమీ లేదు.

కరెంటు పోయి వచ్చినంక కంప్యూటర్ డిస్క్ చెక్ చేసుకుంది. డీ డ్రైవ్‌లో పిల్లల ఫొటోల ఫోల్డర్ ఖాళీ. ఫౌండ్.000 అని కొత్తది వచ్చింది, లోపల ఫైల్0000.సీహెచ్‌కే, ఫైల్0001.సీహెచ్‌కే అని వందల ఫైళ్లు. ఇవే మా ఫొటోలా?
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

కావచ్చు. డిస్క్ మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే, ఫైల్ పేరుకూ దాని సమాచారం ఉన్న చోటుకూ మధ్య లంకె తెగుతుంది. చెక్‌డిస్క్ ఆ అనాథ ముక్కలను పోగేసి వరస నంబర్లు ఇస్తుంది. పేరు పోయింది, సరుకు ఉండవచ్చు.

ఇప్పటినుంచి డీ డ్రైవ్‌లో ఏమీ రాయకండి, కొత్త ఫైల్ ఏది పెట్టినా పోయినదాని చోటులో పడొచ్చు. ఫౌండ్.000 మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయండి. డిర్0000.సీహెచ్‌కే లాంటి ఫోల్డర్లు ఉంటే ముందు అవి చూడండి. వాటి లోపల చాలాసార్లు అసలు పేర్లు చెక్కుచెదరకుండా ఉంటాయి.

మిగతావి ఏ రకమో తెలియాలంటే మొదటి ఎనిమిది అక్షరాలు చూడాలి. హెచ్‌ఎక్స్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరవండి, నోట్‌ప్యాడ్ పెద్ద ఫైళ్లకు ఆగిపోతుంది. మొదట్లో ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని ఉంటే ఫొటో, చివర .జేపీజీ అని మార్చండి. పీకే అని ఉంటే జిప్ లేదా కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైల్. శాతం గుర్తు, దాని వెంటనే పీడీఎఫ్ అంటే పీడీఎఫే. ఐదో అక్షరం నుంచి ఎఫ్‌టీవైపీ అంటే ఫోన్‌లో తీసిన వీడియో లాంటిది, .ఎంపీ4 పెట్టి చూడండి. డీ0 సీఎఫ్ 11 ఈ0 అంటే పాత వర్డ్ లేదా ఎక్సెల్. వీటిలో ఏదీ కాకపోతే అది ఏదో ఫైల్ నడిమి ముక్క, దాని మీద సమయం పెట్టకండి. ఫొటో పై సగం బాగుండి కింద బూడిద రంగు వస్తే రెండో ముక్క ఇంకో నంబరు కింద ఉన్నట్టు. చేత్తో అతకడం దాదాపు అసాధ్యం. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం డ్రైవ్‌ను వెతికిస్తే అదే ఫొటో నిండుగా దొరికే అవకాశం ఉంది, దొరికినవి మాత్రం వేరే డిస్క్‌లో రాయించాలి.

నేరం కరెంటుదేనా, డిస్క్‌దా అన్నదీ తేల్చుకోండి. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ (సీ5) సున్నా కాకుండా ఉంటే డిస్క్ అలసిపోతోంది. అలాంటప్పుడు ఫొటోరెక్ కూడా తర్వాత, తెరుచుకునే ఫైళ్లన్నీ కాపీ తీయడం ముందు. మళ్లీ చెక్‌డిస్క్ అసలు వద్దు.

మా డీటీపీ సెంటర్ కంప్యూటర్‌లో ప్రతి డిజైన్ పక్కనా బ్యాకప్_ఆఫ్_ అని ఇంకో ఫైల్. ఇంటి ప్లాన్‌ల దగ్గర .బీఏకే ఫైళ్లు. వర్డ్ ఫోల్డర్‌లో ~$ తో మొదలయ్యేవి. అన్నీ తీసేస్తే ఎంత చోటు వస్తుంది?
– హన్మకొండ చౌరస్తా నుంచి ఒక పాఠకుడు

మొదటిది కోరల్‌డ్రా. మీరు సేవ్ కొట్టినప్పుడల్లా అంతకు ముందరి రూపాన్ని ఈ పేరుతో పక్కన పెడుతుంది. అది కూడా .సీడీఆర్ ఫైలే, నేరుగా తెరుచుకుంటుంది. అసలు ఫైల్ పాడైనప్పుడు ఫ్లెక్సీనో శుభలేఖనో మళ్లీ మొదటినుంచి కూర్చకుండా కాపాడేది ఇదొక్కటే. ఇచ్చేసిన పనుల ఫోల్డర్లలో తీసేయండి, నడుస్తున్న పనుల్లో వద్దు. అయితే తెరిచాక తెలుగు అంతా ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిరాతలా కనబడితే ఫైల్ చెడిపోయిందని పారేయకండి. ఆ కంప్యూటర్‌లో అను ఫాంట్ లేదు, అంతే. ఫాంట్ వేస్తే తెలుగు తిరిగి వస్తుంది.

ఇంటి ప్లాన్‌ల దగ్గరి .బీఏకే ఆటోక్యాడ్‌ది. కాపీ తీసి, పేరు చివర .డీడబ్ల్యూజీ అని మారిస్తే ముందుసారి సేవ్ చేసిన ప్లాన్ వస్తుంది. ఇదే .బీఏకే ఇంకోచోట డేటాబేస్ బ్యాకప్ కావచ్చు, ఇంకేదో ప్రోగ్రామ్ సెట్టింగులు కావచ్చు. ఈ ఎక్స్‌టెన్షన్ ఎవరి సొత్తూ కాదు, పక్కన ఏ ఫైళ్లున్నాయో చూస్తేనే తెలుస్తుంది. కంప్యూటర్ మొత్తంలో .బీఏకే అని వెతికి అన్నీ ఒకేసారి తీసేయమనే సలహాలు వినకండి.

~$ తో మొదలయ్యేవి ఫైల్ ఎవరు తెరిచారో వర్డ్ రాసుకునే గుర్తులు, కేబీలో ఆరోవంతు కూడా ఉండవు. వర్డ్ మూసేశాక కూడా మిగిలితే తీసేయొచ్చు, చోటు మాత్రం ఏమీ రాదు.

డీ డ్రైవ్‌లో ఎక్స్‌పీ.జీహెచ్‌ఓ అని ఒకటి, దాని పక్కన .జీహెచ్‌ఎస్ అని రెండు ఉన్నాయి. – కరీంనగర్

నార్టన్ ఘోస్ట్ ఇమేజ్. కంప్యూటర్ కూర్చిన షాపువాళ్లు సీ డ్రైవ్‌ను అచ్చు తీసి డీలో పెట్టి ఇచ్చే రోజుల నాటిది. పెద్ద ఇమేజ్ ముక్కలుగా తెగుతుంది, .జీహెచ్‌ఎస్‌లు ఆ ముక్కలు, మూడూ కలిస్తేనే ఒక ఇమేజ్. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది, కాబట్టి దీన్ని తిరిగి వేసుకునే పని లేదు. ఘోస్ట్ ఎక్స్‌ప్లోరర్‌తో తెరిచి, లోపల మై డాక్యుమెంట్స్‌లో మీవి ఏమైనా ఉంటే తీసుకుని మూడూ తొలగించండి. ఎవరైనా రీస్టోర్ చేస్తామంటే పార్టిషన్ ఫ్రమ్ ఇమేజ్ అనే చోట డిస్క్ ఫ్రమ్ ఇమేజ్ నొక్కకుండా చూడండి, డీ డ్రైవ్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

పాత ఫోన్ నుంచి కంప్యూటర్‌లో వేసిన ఫోల్డర్‌లో ఎంఎస్‌జీస్టోర్.డీబీ.క్రిప్ట్14 ఫైల్ ఉంది. అందులో మా నాన్నగారి వాట్సాప్ మెసేజ్‌లు చదవొచ్చా? – విద్యార్థిని, నిజామాబాద్

కంప్యూటర్‌లో నేరుగా చదవలేరు, అది తాళం వేసిన ఫైల్. తాళంచెవి ఆ ఫోన్ నంబరుకు కట్టి ఉంటుంది. ఆ సిమ్ ఇంకా మీ దగ్గర పనిచేస్తుంటే దారి ఉంది. ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో, వాట్సాప్ మొదలుపెట్టకముందే, ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, డేటాబేసెస్ ఫోల్డర్‌లో ఈ ఫైల్ పెట్టి, అదే నంబరుతో రిజిస్టర్ చేస్తే రీస్టోర్ అడుగుతుంది. తేదీ లేని ఫైల్ తాజాది, పేరులో తేదీ ఉన్నవి అంతకు ముందువి. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ పెట్టుకుని ఉంటే ఆయన పెట్టిన పాస్‌వర్డ్ లేదా 64 అంకెల కీ కావాలి, అది లేకపోతే ఎవరూ తెరవలేరు. డబ్బిస్తే తెరుస్తామనేవాళ్ల మాట నమ్మకండి. సిమ్ గడువు తీరబోతుంటే ముందు రీచార్జ్ చేయించండి, నంబరు వేరేవాళ్లకు పోతే ఈ దారి మూసుకుపోతుంది.

మీడియా ఫోల్డర్‌కు మాత్రం తాళం లేదు. వాట్సాప్ ఇమేజెస్, వాయిస్ నోట్స్ లోపలివి కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. ఐఎంజీ-20190412-డబ్ల్యూఏ0007 లాంటి పేరులో తేదీ 2019 ఏప్రిల్ 12 అని చదువుకోవాలి.

.ఎన్‌బీయూ అంటే? – జనగామ

నోకియా పీసీ సూట్ తీసిన ఫోన్ బ్యాకప్. ఎన్‌బీయూ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిస్తే ఫోన్ నంబర్లు, మెసేజ్‌లు, ఫొటోలు బయటికి వస్తాయి. ఫోన్ అక్కర్లేదు.

అన్ని ఫొటోల పేర్ల చివరా నాలుగు అక్షరాలు కొత్తగా చేరాయి, ఏదీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డర్‌లో _రీడ్‌మీ.టీఎక్స్‌టీ ఉంది. ఇది బ్యాకప్ ఏదైనా ఆగిపోయిందా? – మహబూబాబాద్

బ్యాకప్ కాదు, రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. ఆ నోటులో 980 డాలర్లు, 72 గంటల్లో అయితే 490 అని ఉంటే అది స్టాప్/డీజేవీయూ కుటుంబానిది. ఎక్కువగా దొంగ సాఫ్ట్‌వేర్ క్రాక్‌లతో వస్తుంది. వెంటనే ఇంటర్నెట్ తీసేయండి, పెన్‌డ్రైవ్ ఏదీ పెట్టకండి, పేర్లు మార్చకండి. డబ్బు కట్టకండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఎమ్సిసాఫ్ట్ ఉచిత డీక్రిప్టర్ కొన్ని రకాలకే పనిచేస్తుంది, పనిచేయకపోయినా ఫైళ్లు పారేయకుండా ఒక డిస్క్‌లో ఉంచండి. ఈ కుటుంబం ప్రతి ఫైల్‌లోనూ తొలి 150 కేబీ వరకే తాళం వేస్తుంది, కాబట్టి పెళ్లి వీడియోల లాంటి పెద్ద ఫైళ్లను రిపేరు ప్రోగ్రామ్‌లతో చాలావరకు రాబట్టుకోవచ్చు. ఫొటోలకు ఆ ఆశ తక్కువ.

బిట్‌లాకర్ రికవరీ కీ అని మొదలయ్యే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంది, 2 కేబీ కూడా లేదు. పనికిరానిదేనా? – సిద్దిపేట

ఈ పేజీలో వచ్చిన ఫైళ్లన్నిట్లో పొరపాటున కూడా తీయకూడనిది ఇదే. బిట్‌లాకర్ అంటే విండోస్ డ్రైవ్‌కు వేసే తాళం, ఇది దాని తాళంచెవి. లోపల ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు ఉంటాయి. మదర్‌బోర్డు మార్చినా, ఒక్కోసారి బయాస్ అప్‌డేట్ చేసినా నీలం తెర వచ్చి ఈ అంకెలే అడుగుతుంది. అవి లేకపోతే డిస్క్ బాగున్నా లోపలిది రాదు. ఫైల్‌లోని ఐడెంటిఫయర్ మొదటి 8 అక్షరాలు నీలం తెర మీది కీ ఐడీతో కలిస్తే అది ఆ డ్రైవ్‌దే. విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎవరూ అడగకుండానే ఈ తాళం పడుతుంది, కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. కాగితం మీద అచ్చు తీసి ఇంటి దస్తావేజుల్లో పెట్టండి. ఆ తాళం పడ్డ డ్రైవ్‌లోనే ఉంచితే మాత్రం లాభం లేదు.